కెప్టెన్ సారు నోటి మాట

పంద్రాగస్టు నాడు జెండా ఎగరేసినంక బడిల ప్రైజులు పంచిన్రు. వ్యాసం పోటీల ఫస్ట్ వచ్చిందని తొమ్మిదో తరగతి స్నిగ్ధకు ఒక పుస్తకం ఇచ్చిన్రు. అట్ట మీద నల్లటి సముద్రం, పైన చుక్కలు, నడుమ చిన్న ఓడ. 'కెరటాలూ చుక్కలూ' అని పేరు. రాసింది కెప్టెన్ శ్రీకాంత్. వెలిమెలల పుట్టి, ఏండ్లకేండ్లు పెద్ద పెద్ద ఓడలు నడిపి, మళ్ల వెలిమెలకే వచ్చి సొంత జాగల బంగ్లా కట్టుకున్న మనిషి. ఎనుకటి నావికులు దిక్కు తెల్వని నీళ్ల మీద చుక్కలను సూసి దారెట్ల పట్టిన్రు, తుఫానుల ఓడ ఎట్ల నిలవడుతది, ఏ దేశపోళ్లు ఏ రేవుకు పోయిన్రు, అన్నీ పిల్లలకు సమజయ్యేటట్టు రాసిండని ఆ పుస్తకానికి శానా పేరొచ్చింది. బళ్లల్ల, లైబ్రరీలల్ల కొని పెట్టుకున్నరు.

ఆ దినం పొద్దూకి జ్యోతి పటాన్‌చెరు నుంచి చిట్కుల్‌కు వచ్చేసరికి బిడ్డ గడప మీద కూసోని ఉన్నది. పుస్తకం ఒళ్లె ఉన్నది. మొకం మాడిపోయి ఉన్నది.

"అమ్మా, నాన్న తాగుతుండెనా?"

జ్యోతి చెప్పులు విడుస్తున్నది అట్లనే ఆగింది. "ఎవరన్నరు?"

స్నిగ్ధ పుస్తకం తెరిచి చూపిచ్చింది. 'క్రమశిక్షణ విలువ' అని ఒక చాప్టరు. ఓడ మీద తాగిన మత్తులో డెక్కు మీదికి పోయి, చెప్పిన మాట వినక, కెరటానికి కొట్టుకపోయిన ఒక నావికుని కథ. పేరు ప్రసాద్ అని మార్చి రాసిండు గని, కింద ఇంకో మాట కలిపిండు: 'అతను మా పటాన్‌చెరు ప్రాంతం వాడే, చిట్కుల్ కుర్రవాడు. అందుకే నాకు మరింత బాధ.'

చిట్కుల్ నుంచి ఓడెక్కినోడు ఒక్కడే. చిన్నరాములు, పోశమ్మల కొడుకు ప్రభాకర్. జ్యోతి మొగడు. ఊర్ల ఎవరు చదివినా పేరు మార్చినంత మాత్రాన తెల్వకుంట పోదు.

ప్రభాకర్ తాగనోడేం గాదు. బోనాలకు ఈతకల్లు తాగి, తల్లి ముంగట పాట పాడి తిట్లు తినేటోడు. గని ఓడ మీద ఎన్నడు ముట్టలే. ఆ సంగతి జ్యోతికే గాదు, ఇంటిల్లిపాదికి ఎరుకే. ఎందుకంటె ఆయన పోయినంక నరేష్ అని తోటి నావికుడు, విశాఖపట్నం పిల్లగాడు, సామాన్ల పెట్టె పట్టుకోని ఇంటికొచ్చి జరిగిందంత చెప్పిపోయిండు. ఆ పెట్టెల చంటిపిల్లకు ఏదో రేవుల కొన్న గౌను, అన్నం గిన్నెంత చాక్లెట్ డబ్బా, రెండు జతల బట్టలు ఉండె. గంతే.

నరేష్ చెప్పిందేందంటె, చలికాలం, అట్లాంటిక్ సముద్రం, డెక్కు మీద దుంగలు. వాటికి కట్టిన గొలుసులు వదులైనయి. ఓడ ముక్కు గాలికి తిప్పి, వేగం తగ్గిచ్చి, గప్పుడు మనుషులను పంపుదామని చీఫ్ ఆఫీసర్ అడిగిండు. రేవుకు ఆలస్యమైతదని కెప్టెన్ ఒప్పుకోలే. ఆ కెప్టెన్ ఈ శ్రీకాంతే. పోయి గొలుసులు బిగియ్యుమని ఆర్డర్ ఏసిండు. పోయినోళ్లల్ల ప్రభాకర్ తిరిగి రాలే. ఓడను జెరసేపు చుట్టు తిప్పి, ఇగ దొరకడని ముంగటికి పోనిచ్చిండు కెప్టెన్. నావికుని నిర్లక్ష్యం అని కాయితాలల్ల రాయించిండు.

శవం లేదు. మట్టి లేదు. మామ చిన్నరాములు ఆ బెంగల్నే పోయిండు. పోశమ్మ మాత్రం "నా కొడుకు పని చేసుకుంట పోయిండు" అని పది మందికి చెప్పుకోని బతుకుతున్నది. ఆ ఒక్క మాట మీద నిలవడ్డ మనిషి ఆమె.

పుస్తకం బడిల కెళ్లి ఇండ్లల్లకు పోయింది. వారం తిరగకముందే నల్లా కాడ ఎవరో అననే అన్నరు, "తాగి పడ్డడంట గద నీ కొడుకు, పుస్తకంలనే అచ్చేసిన్రు" అని. పోశమ్మ బిందె అక్కడ్నే పెట్టి ఇంట్లకొచ్చి పండుకున్నది. ఆ తర్వాత వాకిట్ల కూసునుడు బంద్ చేసింది. ఎవరన్న పిలిస్తె పలుకుడు బంద్ చేసింది.

జ్యోతి అత్త మొకం సూసింది. బిడ్డ మొకం సూసింది. మొగడు పోయిన దినం కూడ ఆమెకు అంత కోపం రాలే. చావు సముద్రం మీద పడ్డది. ఇది మాత్రం మనిషి కూసోని, సల్లగ ఆలోచన చేసి, కలం పట్టుకోని చేసిన పని. వాణ్ణి వదలద్దు అనుకున్నది. ఎట్లనో తెల్వదు. వదలద్దు, గంతే.

*

జ్యోతి పటాన్‌చెరు బస్టాండ్ దగ్గర యాదగిరి నడిపే డీటీపీ షాపుల పని చేస్తది. పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు, కంపెనీల నోటీసులు, ఎప్పుడన్న ఒక పుస్తకం. ఒక దినం యాదగిరి ఫోన్ పెట్టేసి అన్నడు:

"వెలిమెల కెప్టెన్ సారంట. కండ్లు పోతున్నయంట పాపం. పుస్తకం మళ్ల పెద్దగ చేసి అచ్చేస్తడంట. చదివి వినిపిచ్చి, చెప్పింది టైపు చేసేటోళ్లు కావాల్నంట. ఎవర్ని పంపుదు?"

"నేను పోత," అన్నది జ్యోతి.

"అంత దూరం పోతవా?"

"పోత."

యాదగిరి అడ్రసు రాసిచ్చిండు.

కెప్టెన్ బంగ్లా చుట్టు కొత్త విల్లాలు లేస్తున్నయి. లోపల ఒక అర్ర నిండ పుస్తకాలే. గోడ పొడుగునా ఓడల పుస్తకాలు, నావికుల చరిత్రలు, చుక్కల పుస్తకాలు, ఇంగ్లీషువి, తెలుగువి. కిటికీ కాడ ఇత్తడి దుర్బీను. కుర్చీల తెల్ల గడ్డం మనిషి. కండ్లు తెరిచే ఉన్నయి గని చూపు ఆమె భుజం పక్కకెళ్లి పోతున్నది.

"రా బిడ్డా. పేరేంది?"

"జ్యోతి, సార్."

"ఏ ఊరు?"

"మా తల్లిగారిది జహీరాబాద్ దిక్కు, సార్." అబద్ధం గాదది. చిట్కుల్ పేరు మాత్రం ఆమె నోట్లెకెళ్లి రాలే.

"తెలుగు చదివి వినిపియ్యి. గొంతు చూస్త."

ఆమె చేతికి అందిన పుస్తకం తెరిచి చదివింది. మోటుపల్లి రేవు గురించి. ఎనుకట ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తె అండ్ల సరుకంత రాజులు గుంజుకునేటోళ్లు. కాకతీయ గణపతిదేవుడు ఇగ గట్ల చెయ్యనని సముద్ర వర్తకులకు మాటిచ్చి, ఆ మాటను రాతి మీద చెక్కిచ్చిండు. కెప్టెన్ కండ్లు మూసుకోని విన్నడు.

"విన్నవా? సముద్రంల నష్టపోయినోణ్ణి ఒడ్డు మీదోళ్లు దోసుకోవద్దని చెప్పిండు రాజు. గొప్ప మాట. నా పుస్తకంల దీనికి ఒక చాప్టర్ పెడుత."

జ్యోతి పండ్లు బిగవట్టి, "మంచిగుంటది సార్," అన్నది.

అట్ల మొదలైంది. మధ్యాహ్నం దాక షాపుల పని, ఆ తర్వాత వెలిమెల. ఆమె చదివేది, ఆయన వినేటోడు, నడుమ ఆపి చెప్పేటోడు, ఆమె టైపు కొట్టేది. గడియారం లేని కాలంల ఓడ తూర్పుకు ఎంత పోయిందో పడమటికి ఎంత పోయిందో తెల్వక ఎన్ని ఓడలు రాళ్లకు కొట్టుకున్నయో, గురు గ్రహం చుట్టు తిరిగే చందమామలను సూసి టైము లెక్కగట్టాలని ఎట్ల తండ్లాడిన్రో, అరబ్బు నావికులు ముడులేసిన తాడును పండ్ల నడుమ పట్టుకోని ధ్రువ నక్షత్రం ఎత్తు ఎట్ల కొలిచిన్రో, అన్నీ ఆమె గొంతులకెళ్లే పోయినయి. బస్సుల ఇంటికి పోతుంటె ఆ మాటలే తలకాయల తిరిగేటియి. ప్రభాకర్ సెలవుకు వచ్చినప్పుడు ఇవే చెప్తుండె. తాను నవ్వుకుంట "ఇగ చాలు తియ్యి" అంటుండె. ఇప్పుడు వాణ్ణి మింగినోని ఇంట్ల కూసోని అదంత ఇష్టంగ చదువుతున్నందుకు తన మీద తనకే అసహ్యం పుట్టేది.

ఒకసారి ఆయన అడిగిండు, "మీ దిక్కు ముసలోళ్లు చుక్కలకు ఏం పేర్లు పెడుతరు?"

"మూడు చుక్కలు వరుసగ ఉంటయి గద, గొర్రుకొయ్యలంటరు. చిన్న చిన్నయి గుంపుగ ఉంటె పిల్లలకోడి."

"శభాష్. రాసుకో." ఆయన చెప్పిండు, ఆమె టైపు కొట్టింది: 'మా నాయనమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని గొర్రుకొయ్యలనూ పిల్లలకోడినీ చూపించేది.'

జ్యోతి కీబోర్డు మీద చేతులు ఆపి ఆయన దిక్కు సూసింది. ఇంత అలవోకగ అబద్ధం పుడుతది ఈయన నోట్లె, అనుకున్నది.

కెప్టెన్ భార్య రాధమ్మ నెమ్మది మనిషి. చాయ తెచ్చిచ్చేది, "తిన్నవా బిడ్డా" అని అడిగేది. మొగని కండ్లల్ల మందు చుక్కలు ఏసేది ఆమెనే. ఒక దినం ఆమె పెండ్లికి పోతె, ఆ సీసా జ్యోతి చేతికొచ్చింది. కెప్టెన్ తలకాయ ఎనుకకు వాల్చి, మొకం పైకెత్తి, చిన్నపిల్లగాని లెక్క ఎదురు సూస్తున్నడు. పక్కన బాత్‌రూముల యాసిడ్ సీసా ఉన్నది. అది ఆమె కంటికి కనవడ్డది.

ఈ కండ్లు ఎట్లైన పోతున్నయి, అనుకున్నది. తనకు కావాల్సింది ఆయన కండ్లు గాదు. ఆయన పేరు. నా మొగని పేరు ఎట్ల తీసిండో గట్ల ఆయన పేరు తియ్యాలె. గదీ ఆయన పుస్తకంతోనే తియ్యాలె.

మందు చుక్కలు సక్కగ ఏసింది. దూదితోని తుడిచింది. "దేవుడు సల్లగ చూడాలె నిన్ను," అన్నడు కెప్టెన్.

*

పాత చాప్టర్లు ఒక్కొక్కటి చదివి వినిపిస్తుంటె ఆయన అక్కడక్కడ మార్పులు చెప్తున్నడు. ఎన్నడు 'క్రమశిక్షణ విలువ' వస్తదో అని జ్యోతి దినాం ఎదురు సూస్తున్నది. ఈ నడుమ ఆమెకు జెర అనుమానం కూడ వచ్చింది. ముసలోడైండు, గుడ్డోడైండు. ఆ చాప్టర్ వచ్చినప్పుడు ఆయన నోరు తడవడితె? దాన్ని తీసేయమంటె? తీసేయమంటె తను ఊకుంటదా? ఊకుంటనేమో అని ఆమెకే అనిపిచ్చింది.

ఆ దినం వచ్చింది. బయట వాన ముసురు. జ్యోతి చదువ మొదలు పెట్టింది. తన మొగడు తాగిండని, తూలిండని, పెద్దల మాట వినలేదని, తన నోటితోనే, తన గొంతుతోనే చదివింది. నడుమ నడుమ నీళ్లు తాగుకుంట చదివింది. కెప్టెన్ కాలు మీద కాలేసుకోని విన్నడు.

"ఆగు. అక్కడ ఒక మాట కలుపు. 'తర్వాత అతని పెట్టె తెరిస్తే ఖాళీ మందు సీసాలు దొరికాయి' అని."

ఆ పెట్టె ఇంట్ల మంచం కింద ఉన్నది. అండ్ల గౌను స్నిగ్ధకు ఎన్నడో పొట్టిదైంది.

"నిజంగనే దొరికినయా, సార్?"

కెప్టెన్ నవ్విండు. "పిల్లలు చదివే పుస్తకం గదమ్మా. సీసాలు లేకపోతె తాగుడు మీద నమ్మకం కుదరదు. ఎవరొచ్చి అడుగుతరు? పోయినోడు వస్తడా?"

"రాడు సార్," అన్నది జ్యోతి. "పోయినోడు రాడు."

ఆ మాట టైపు కొట్టింది. ఆయన చెవికి వినవడాలెనని గట్టిగ కొట్టింది. అదే ఘడియల ఆమెకు ఏం చెయ్యాల్నో ఖరారైంది.

మర్నాడు షాపుకు పోంగనే నరేష్‌కు ఫోన్ చేసింది. ఓడలు విడిచిపెట్టి ఆయనిప్పుడు విశాఖల క్రేన్ నడుపుతున్నడు.

"అన్నా, ఆ రోజు సంగతి మళ్లొక్కసారి చెప్పు. గాలి ఎట్లున్నది, ఎవరేమన్నరు, అంత చెప్పు."

"ఇప్పుడెందుకు వదినా?"

"పుస్తకంల ఏస్త."

"వేయండి. ఈసారి ఎవరడిగినా వచ్చి చెప్తాను. నాకిక ఓడ ఎక్కే పని లేదు," అన్నడు నరేష్. అని అంత చెప్పిండు.

జ్యోతి కూసోని రాసింది. చాప్టర్ పేరు మార్చలే, 'క్రమశిక్షణ విలువ' అనే ఉంచింది. ఇన్ని నెలలు ఆయన చెప్తుంటె టైపు కొట్టి కొట్టి ఆమె వేళ్లకు ఆయన భాష పట్టువడ్డది. ఎక్కడ ఆగుతడు, ఎక్కడ చిన్న మాటేసి గుండె పిండుతడు, ఎక్కడ సముద్రాన్ని తెచ్చి పోలుస్తడు, అన్నీ. ఆయన గొంతుతోనే రాసింది:

'ఆ ఘడియ దాకా గాలి తగ్గలేదు. ఓడ ముక్కును గాలికి తిప్పి, వేగం తగ్గించి, అప్పుడు మనుషుల్ని పంపుదామని చీఫ్ ఆఫీసర్ నన్ను వేడుకున్నాడు. రేవుకు ఆలస్యమవుతుందని నేను ఒప్పుకోలేదు. నా మాట మీద వెళ్లిన వాడు తిరిగి రాలేదు. అతని పేరు ప్రభాకర్. చిట్కుల్ చిన్నరాములు, పోశమ్మల కొడుకు. అతను తాగి లేడు. అతని నిర్లక్ష్యమని కాయితాల్లో రాయించిందీ, తాగాడని ఈ పుస్తకం మొదటి అచ్చులో రాసిందీ నేనే. సముద్రం నా తప్పును కడిగేస్తుందనుకున్నాను. సముద్రానికి అంత తీరిక లేదు.'

రాసినంక ఒక్కసారి చదువుకున్నది. కెప్టెన్ రాసిన దాని కంటె మంచిగ వచ్చింది. ఫైలు హైదరాబాద్‌ల ఉన్న పబ్లిషర్‌కు పోయింది.

పది దినాలకు ఎడిటర్ ఇంద్రజ ఫోన్ చేసింది. కెప్టెన్‌కు బటన్లు కనవడవు గనుక ఫోన్ స్పీకర్ల పెట్టేది జ్యోతినే.

"సార్, 'క్రమశిక్షణ విలువ' చదివాను. ఒళ్లు జలదరించింది. ఇంత ధైర్యంగా ఎవరూ రాయరు. కానీ ఒకసారి అడగాలి కదా, అది అలాగే ఉంచమంటారా?"

జ్యోతి ఫోన్‌ను ఆయన దిక్కు ఇంకింత జరిపింది.

కెప్టెన్ మొకం వెలిగింది. సీసాల మాట అంత మంచిగ పండిందనుకున్నడో ఏమో. "అమ్మా, నేను నిజం రాసేటప్పుడు భయపడను. ఒక్క అక్షరం కూడ మార్చద్దు. నా చదువరులకు నేనిచ్చే గౌరవం అది."

"మీలాంటి వాళ్లు అరుదు సార్," అన్నది ఇంద్రజ.

ఫోన్ బంద్ చేసేటప్పుడు జ్యోతి పెదిమలు వాటంతట అవే సాగినయి. ఆ నవ్వు ఆయనకు కనవడలే.

ప్రూఫులు వచ్చినప్పుడు ఆ ఒక్క చాప్టర్ కాడ పాత పుస్తకం తెరిచి, సీసాల మాట కలిపి చదివింది. "బాగొచ్చింది," అన్నడాయన.

*

సంగారెడ్డిల ఒక ఫంక్షన్ హాలుల పొద్దుగాల పదకొండు గంటలకు సభ. బళ్ల పిల్లలు, టీచర్లు, కెప్టెన్ చుట్టాలు, విల్లాలోళ్లు. హాలు నిండింది. జ్యోతి ఒక్కతె రాలే. పోశమ్మను తోల్కొచ్చింది, స్నిగ్ధను తోల్కొచ్చింది. అత్తకు ఏం చెప్పలే. "ప్రభాకర్ గురించి మంచిగ చెప్తరంట, రా అత్తమ్మా," అని మాత్రం అన్నది. పోశమ్మ నమ్మలే గని, కోడలు మొకం సూసి లేచొచ్చింది.

దండలు, శాలువాలు అయినయి. ఇంద్రజ మైకు ముంగటికొచ్చింది. "ఈ కొత్త అచ్చులో ఒక చాప్టర్ ఉంది. కెప్టెన్ గారు చేసినంత పని తెలుగులో ఎవరూ చేయలేదు. అందులోంచి కొంచెం చదువుతాను," అని పుస్తకం తెరిచింది.

జ్యోతి మొదటి వరుసల, కెప్టెన్ ఎదురుంగ కూసున్నది. ఆమెకు ఆయన మొకం కావాలె. ఇన్ని నెలలు దాని కోసమే ఓర్సుకున్నది.

మొదటి మాటలకు ఆయన తలకాయ ఊపిండు. 'నేను ఒప్పుకోలేదు' దగ్గర ఊపుడు ఆగింది. 'ప్రభాకర్' అన్న పేరు వినంగనే చేతుల ఉన్న శాలువా కింద పడ్డది. తలకాయ ఎడమకు తిప్పిండు, కుడికి తిప్పిండు. ఏం కనవడుతలే. మొకంల నెత్తురు సుక్క లేదు. జ్యోతి కండ్లార్పకుంట సూసింది. ఒక్కొక్క వాక్యం ఆయన మీద పడుతుంటె, ఒక్కొక్క దానికి ఆమె ఒళ్లు సల్లవడ్డది.

చదువుడు అయిపోయింది. ఇగ ఇప్పుడు లొల్లి లేస్తది, తిడుతరు, చెప్పులు పడుతయి, అనుకున్నది జ్యోతి.

ఎనుకకెళ్లి ఎవరో చప్పట్లు కొట్టిన్రు. ఇంకొకరు కొట్టిన్రు. చూస్తుండగనే హాలు హాలంత లేచి నిలవడి చప్పట్లు. ఒక టీచరమ్మ కండ్లు తుడుసుకుంటున్నది. పక్కన కూసున్న రిటైర్డ్ హెడ్మాస్టరు కెప్టెన్ చేతులు పట్టుకోని, "ఎంత పెద్ద మనసయ్యా నీది," అంటున్నడు.

జ్యోతి మర్లి ఆ హాలంత సూసింది. ఈయనను కూలగొట్టబోతె ఇంకింత ఎత్తుకు లేపినట్టాయె. లేచి 'అది రాసింది నేను' అని ఒర్రుదామనుకున్నది. ఒర్రితె? ఆ చాప్టర్ ఉత్త గాలి మాటైతది. ప్రభాకర్ మళ్ల తాగుబోతు అయితడు. నోరు మూసుకుంటె ఈయన మహాత్ముడైతడు. ఎటూ తోచక కుర్చీ చేతులు గట్టిగ పట్టుకున్నది.

మైకు కెప్టెన్ చేతికిచ్చిన్రు. ఏం చెప్పాల్నో ఆయన లెక్కేసుకున్నడు. కాదంటె ఇన్ని చప్పట్లు పోతయి. నేను రాయలే అంటె, మరి నీ పుస్తకం ఎవరు రాసిన్రు అని అడుగుతరు. చప్పట్లు ఇంకా మోగుతనే ఉన్నయి. ఆయన మొకంలకు నెమ్మదిగ రంగు తిరిగొచ్చింది. జ్యోతి ఆ మార్పును సూసింది. అబద్ధమాడే ఆ అలవోక మళ్ల వచ్చింది.

"ఎన్నో ఏండ్లు ఈ బరువు మోసిన," అన్నడు కెప్టెన్, గొంతు వణికిచ్చుకుంట. "ఈరోజు దించుకున్న. నిజం చెప్పుడు కంటె పెద్ద ధర్మం లేదు."

మళ్ల చప్పట్లు. ఫోన్లు పైకి లేసినయి, అందరు వీడియో తీస్తున్నరు.

అప్పుడు లేచింది పోశమ్మ. ఎవరు చెప్పలే, ఎవరు పట్టుకోలే. కర్ర పొడుసుకుంట మెట్లెక్కి స్టేజీ మీదికి పోయింది. వలంటీర్ ఒకాయన అడ్డం రాబోతె ఇంద్రజ ఆపింది.

"ఏంది సారూ," అన్నది పోశమ్మ. మైకు ఆయన చేతుల ఉండె, ఆమె మాట అండ్ల పడ్డది. "నేను ప్రభాకర్ తల్లిని. నాకు చదువు రాదు. ఆమె ఏందేందో చదివింది. నాకు నీ నోటితోని చెప్పు. నా కొడుకు తాగిండా, తాగలేదా?"

హాలుల చప్పట్లు ఆగినయి.

కెప్టెన్ మొకం ఆ గొంతు దిక్కు తిరిగింది. ఇప్పటిదాక ఆయనకు పుస్తకంల పేరే ఎదురైంది, మనిషి ఎదురు కాలే.

"అమ్మా..."

"తాగిండా, లేదా?"

"తాగలే."

"మరి ఎట్ల పోయిండు?"

పోశమ్మ కదలలే. వినకుంట పోయేటట్టు లేదు. చివరికి మైకుల ఆ మాట, గొణుగుడు లెక్క, గని అందరికి వినవడేటట్టు పడ్డది: "నేను పంపిన. పంపొద్దన్నా పంపిన."

"ఇన్నేండ్లు మా ఇంటి దిక్కు మర్లి సూసినవా? తాగుబోతోడని పిల్లలకు చెప్తివి. వాని బిడ్డకే ఆ పుస్తకం ప్రైజిచ్చిన్రు." పోశమ్మ అట్లనే నిలవడి ఆయన మొకం మీద ఉమ్మింది. కర్ర తిప్పుకోని మెట్లు దిగొచ్చింది.

ఈసారి ఎవరు చప్పట్లు కొట్టలే. పిల్లలను టీచర్లు బయటికి తోలుకపోతున్నరు. హెడ్మాస్టరు తన కుర్చీ పక్కకు జరుపుకున్నడు. జ్యోతి మాత్రం కెప్టెన్ మొకం మీదికెళ్లి కండ్లు తియ్యలే. ఇన్ని నెలలు అనుకున్న మొకం ఇదే. కడుపు నిండ సూసింది.

*

వీడియో ఊరూరు తిరిగింది. నరేష్ అన్న మాట తప్పలే, విశాఖల పేపరోళ్ల ముంగట కూసోని చెప్పిండు. అది సూసి, ఆ ఓడ చీఫ్ ఆఫీసర్ కూడ, కేరళల ఎక్కడనో ఉన్న ముసలాయన, నోరు విప్పిండు. పాత విచారణను మళ్ల తెరుస్తమని సర్కారు నుంచి కబురొచ్చింది. కెప్టెన్ పెద్దరికం చేసే నావికుల సంఘం ఆయనను రావద్దన్నది. బళ్లు పుస్తకాలను వాపస్ పంపినయి. ఆయన వకీలును పిలిపిచ్చుకుంటె, "మైకుల మీ నోటితోనే ఒప్పుకున్నరు, ఇగ నేనేం చెయ్యాలె," అన్నడంట.

చిట్కుల్‌ల పోశమ్మ మళ్ల వాకిట్ల కూసునుడు మొదలు పెట్టింది. నల్లా కాడ మాటన్న ఆమెనే వచ్చి పలకరిచ్చింది. పోశమ్మ ఆమెకు జవాబియ్యలే. ఇంకా ఇస్తలేదు.

స్నిగ్ధ ఒకరోజు తల్లిని నిలదీసింది. "ఆ చాప్టర్ నువ్వే రాసినవ్ గద అమ్మా? 'ఘడియ' అన్న మాట నువ్వు వాడినట్టే వాడిండు ఆయన."

"నేనే రాసిన."

"ఆయన పేరు మీద నువ్వు రాసుడు తప్పు గాదా?"

"తప్పే కావచ్చు బిడ్డా. గని మళ్ల అవకాశమొస్తె మళ్ల రాస్త."

స్నిగ్ధ తల్లిని కొత్తగ సూసినట్టు సూసింది. లేచిపోయి నాయనమ్మ పక్కన కూసున్నది.

నెల దాటినంక రాధమ్మ ఫోన్ చేసింది. "ఆయన నిన్ను ఒక్కసారి రమ్మంటున్నడు," అన్నది. ఆమె గొంతుల 'బిడ్డా' లేదు.

జ్యోతి పోయింది. అదే అర్ర, అదే కుర్చీ. పుస్తకాలకు దుమ్ము పట్టింది. కెప్టెన్ గడ్డం పెరిగి ఉన్నది.

"నువ్వు వాని పెండ్లానివని అప్పుడే చెప్తె అయిపోవు గద," అన్నడు.

"చెప్తె ఏం చేస్తుంటిరి?"

కెప్టెన్ మాట మార్చిండు. "నీ మీద కేసు పెట్టను. పెట్టలేను కూడ. నా పుస్తకంల నువ్వు నా గొంతుతోని మాట్లాడినవ్. అట్ల ఎవరన్న చేస్తరా?"

"పోయినోని గొంతుతోని మీరు మాట్లాడలేదా సార్? పెట్టెల సీసాలున్నయని చెప్పలేదా? ఆ పెట్టె మా ఇంట్ల ఉన్నది."

కెప్టెన్ చేతులు ఒళ్లె ఉన్న పుస్తకాన్ని తడుముతున్నయి. కొత్త అచ్చు.

"సభల ఎడిటరమ్మ చదివింది కొంచమే. మొత్తం ఏం రాసినవో నాకు తెల్వదు. రాధను అడిగితె చదవనన్నది. తనొక్కతె చదువుకోని, ఆనాటి నుంచి నాతోని మాట్లాడుతలేదు. ఇంట్లకు ఎవరొస్తలేరు." ఆయన పుస్తకాన్ని ముంగటికి చాపిండు. "చదివి వినిపియ్యి జ్యోతమ్మా. ఊరంత చదివింది. నేనొక్కణ్ణే వినలే. ఒక్కసారి చదువు."

జ్యోతి ఆ పుస్తకాన్ని అందుకోలే. ఆ చేతులు గాలిల అట్లనే ఉండనిచ్చింది. జాలి అనేది లోపల ఎక్కడన్న ఉన్నదా అని ఎతుక్కున్నది. జెరంత ఉన్నది. దాన్ని అక్కడ్నే అణిచిపెట్టింది.

"నేను చదవ సార్. రెండుసార్లు మీకు చదివి వినిపిచ్చిన గద, నా మొగడు తాగి సచ్చిండని. అది చాలు నా జన్మకు."

"జ్యోతమ్మా..."

ఆమె తలుపు దాటింది. ఎనుక పుస్తకం కింద పడ్డ సప్పుడైంది. గేటు కాడ రాధమ్మ నిలవడి ఉన్నది.

"నువ్వు మా ఇంట్ల తిని, మమ్మల్నే ముంచినవ్," అన్నది రాధమ్మ. కోపం లేదు ఆ మాటల, అలసట ఉన్నది. "గని ఒక్కటి చెప్పు. అండ్ల రాసింది నిజమేనా? అంత నిజమేనా?"

"ప్రతి మాట నిజమేనమ్మా. మాట్లాడిన గొంతు ఒక్కటే ఆయనది గాదు."

రాధమ్మ తల ఊపి, గేటు తెరిచింది. జ్యోతి బయటికి నడిసింది. తోవ పొంటి టిప్పర్లు దుమ్ము లేపుకుంట పోతున్నయి. షేర్ ఆటో వచ్చేదాక ఆమె ఎండల నిలవడ్డది, ఒక్కసారి గూడ ఎనుకకు మర్లి సూడలే.